ఏడో పేరాలో పేగు

17 ఫిబ్రవరి 2009, మంగళవారం

మధ్యాహ్నం 2.40కి హైదరాబాద్ ల్యాబ్ నుంచి కారం పరీక్ష రెండో రిపోర్టు వచ్చింది. జీర్ణాశయం దశలో ఒక్కటి కూడా కనబడని సిలికా కణాలు పేగు దశలో మళ్లీ కనబడ్డాయి. వంద నానోమీటర్ల లోపువి, వేసినదాంట్లో నూటికి ఇరవై ఎనిమిది పాళ్లు. తొమ్మిది రోజుల క్రితం, ఎనిమిదో తేదీ ఆదివారం, మా జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో ‘కారంలో నానో కణాలు జీర్ణాశయంలోనే మాయం’ అని నా పేరుతో వార్త వచ్చింది.

ఫోన్ చేసి చెప్పింది ఆ పరీక్షలు చేస్తున్న జహీరున్నీసా గారే. గొంతులో కోపం లేదు. అంకెలు రెండుసార్లు చదివి, రాసుకున్నారా అని అడిగారు. రాసుకున్నానన్నాను. “అయితే ఉంటానండీ, మూడింటికి క్లాసుంది” అని పెట్టేశారు.

ఆ వార్తలో ఆమె పేరు నాలుగు చోట్ల ఉంది. ఇప్పుడే చూశాను.

18 ఫిబ్రవరి, బుధవారం

తప్పు డెస్క్‌ది. ఇది ముందు రాసుకోవాలి. “పేగు దశ ఫలితం ఇంకా రావాలి, అది వచ్చేదాకా ఏమీ తేల్చలేం” అని ఆమె అన్న మాట నేను పంపిన కాపీలో ఉంది. అచ్చులో లేదు. విజయవాడలో కోశారు.

జనవరిలో ఆమె దగ్గరకు మొదటిసారి వెళ్లింది వేరే పని మీద. చిలకలూరిపేట రోడ్డులోని ఆ ఫార్మసీ కాలేజీలో ఫీజుల గొడవ ఉందంటే వెళ్లాను. గొడవ సర్దుకుంది. తిరిగి వస్తుంటే మేడ మీద ఒక గదిలోంచి అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. ల్యాబ్‌లో అన్నమేంటని తొంగి చూశాను. తెల్ల కోటు వేసుకున్న యాభై ఏళ్ల మనిషి, హీటర్ మీద గిన్నె పెట్టి గడియారం చూస్తున్నారు. “భోజనానికి కాదండీ, సీసాకి” అన్నారు.

కథ ఏటుకూరు రోడ్డు నుంచి మొదలైంది. అక్కడ కారం మిల్లు నడిపే కోటేశ్వరికి ఒక ఏజెంటు తెల్ల పౌడరు ఇచ్చాడు. వంద కిలోల కారానికి కిలో కలిపితే వానాకాలంలో కూడా గడ్డ కట్టదు, ఇసకలా జారుతుంది. ఆమె మిల్లు నుంచి పదకొండు హాస్టళ్లకు కారం వెళుతుంది. కలపకుండా ఆ ప్యాకెట్ పట్టుకుని కాలేజీకి వచ్చి, ఇది తింటే లోపల ఏమవుతుందని అడిగింది. బయోకెమిస్ట్రీ చెప్పే జహీరున్నీసా గారు పుస్తకాలు వెతికారు. సూటిగా జవాబు దొరకలేదు. పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి, తెలీదని పంపించెయ్యవచ్చు. ఆమె మాత్రం మనిషి నోరు, జీర్ణాశయం, పేగు చేసే పనిని గాజు సీసాల్లో ఏర్పాటు చేసుకున్నారు.

ఆ పౌడరులో ఉండేది సిలికా. ఒక్కో కణం ఎంతంటే, వెంట్రుక మందంలో ఎనిమిది వందలు పక్కపక్కన పడతాయి.

మార్చి 7న యూనివర్సిటీలో సెమినార్. అక్కడ ఈ పని చెప్పడానికి ఆమెకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. అది బాగా జరిగితే యూనివర్సిటీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాడుకోనిస్తారు. లేకపోతే పని ఇక్కడితో ఆగుతుంది. హైదరాబాద్ ల్యాబ్ వాళ్లు మొహమాటానికి రెండు రిపోర్టులు ఇచ్చారు, మూడోది ఇవ్వలేమని చెప్పేశారు.

19 ఫిబ్రవరి

మా ఆవిడ అడిగింది, ఆ పౌడరు కలిపిన ప్యాకెట్ కారం వాడనా, మాననా అని. వార్త చూసి కొన్నదట. వాడు అన్నాను. కాసేపాగి పక్కన పెట్టు అన్నాను. తరవాత, నాకు తెలీదు అన్నాను.

20 ఫిబ్రవరి, శుక్రవారం

కోటేశ్వరి మిల్లుకు వెళ్లాను. లోపలికి అడుగుపెట్టాక మొదటి ఐదు నిమిషాలు మాటలుండవు. తుమ్ములయ్యాక మాట్లాడుకోవాలి.

గోడకు నా వార్త. లామినేషన్ చేయించి మేకులు కొట్టింది. ఏజెంటు చేయించి ఇచ్చాడట. అన్ని మిల్లుల్లో ఇదే చూపిస్తున్నాడట.

“రండి యలమంద గారూ, మీ పుణ్యమా అని ధైర్యం వచ్చింది. ఏడాది పాటు వద్దు వద్దన్నాను. మీరు రాశాక నలభై బస్తాలకి కలిపేశా. మార్చి మొదటి వారం హాస్టళ్లకి తోలతా” అంది.

రెండో రిపోర్టు సంగతి చెప్పాను. చేతులు చీర కొంగుకు తుడుచుకుని వింది.

“అదేందండీ, మాయమైనయ్యి మళ్లీ ఎట్టా వచ్చినయ్యి? గారడీయా?”

“మాయం కాలేదు. జీర్ణాశయంలో గుంపు కట్టాయి. పేగులోకి పోయాక విడిపోయాయి.”

“మరి పేపర్లో అట్టా లేదే?”

“నేను రాశాను. డెస్క్ వాళ్లు కోశారు.”

“డెస్క్ అంటే?”

“విజయవాడ ఆఫీసులో దిద్దేవాళ్లు.”

“ఆళ్లెవురో నాకు తెలవదు. మీరు తెలుసు.” గోడ వైపు చెయ్యి చూపించింది. “మీ వార్తలో మనిషికి పేగుల్లేవా అండీ?”

మిల్లులో పనిచేసేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉంటే బాగుండేది.

వచ్చేటప్పుడు అడిగింది, “ఇంతకీ అది విషమా, కాదా? ఒక్క మాట చెప్పండి.” ఆ ఒక్క మాట ఎవరి దగ్గరా లేదని చెప్పాను. “కలిపినదాన్ని తీస్తానా? ఎట్టా తీస్తాను?” అని తనలో తాను అనుకుంటోంది.

తప్పు డెస్క్‌దే.

22 ఫిబ్రవరి, ఆదివారం

ఉదయం ఏడింటి నుంచి ఒంటిగంట దాకా ల్యాబ్‌లో ఉన్నాను. పేగు దశ ఇంకోసారి చేస్తున్నారు. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని ఆమె ఫలితం అనరు. పేగు ఫలితం పోయినసారి జీర్ణాశయం ఫలితంతో కలిసి రాకపోవడానికి కారణం కూడా ఈ రోజే సరిగ్గా అర్థమైంది. జనవరి ఆఖర్లో నాలుగు గంటలు కరెంటు పోయి ఫ్రిజ్‌లో పెట్టిన పిత్తం పాడైంది. అందుకే జీర్ణాశయం నమూనా ముందు వెళ్లింది, పేగు నమూనా వారం తరవాత వెళ్లింది. ఈ సంగతి ఆమె అప్పుడే చెప్పారు. నా నోట్‌బుక్‌లో ఉంది.

పని ఇలా జరిగింది. సాంబమసూరి బియ్యం వండారు. వేడన్నంలో కారం, నెయ్యి వేసి కలిపారు. బయటి దేశాల్లో ఇలాంటి పరీక్షలు సూపు పొడితో చేస్తారట. “ఈ జిల్లాలో కారాన్ని ఎవరు ఒట్టిగా తింటారండీ? మొదటి ముద్ద ఎట్లా తింటారో అట్లాగే సీసాకి పెట్టాలి” అన్నారు. కలిపిన ముద్దను నమిలినట్టుగా జల్లెడ మీద నొక్కి, సీసాలో వేశారు. లాలాజలం ఐదు నిమిషాలు. తరవాత ఆమ్లం, పెప్సిన్, రెండు గంటలు. తరవాత పిత్తం, క్షారం, రెండు గంటలు. సీసాలు తలకిందులుగా తిరుగుతూనే ఉండాలి. తిప్పేది పాత కుట్టుమిషన్ మోటారు. ఒంటి వేడి కోసం కోళ్లఫారం నుంచి గుడ్లు పొదిగే పెట్టె తెచ్చుకున్నారు. పది నిమిషాలకోసారి థర్మామీటరు చూసి రాసుకున్నారు. పేజీ చూశాను. ఒక్క గడీ ఖాళీ లేదు.

తొమ్మిదిన్నరకు వాళ్ల తమ్ముడు సుభానీ వచ్చాడు. పాత గుంటూరులో మటన్ కొట్టు. చేతిలో టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో ఐసు, కింది గిన్నెల్లో దారంతో మూతి కట్టిన మేక పిత్తం తిత్తులు.

“చూడండి సార్, ఎవరి అక్కయినా తమ్ముణ్ణి కైమా అడుగుద్ది, బోటీ అడుగుద్ది. మా ఆపా చేదు అడుగుద్ది. మొన్న పెళ్లికి పదహారు మేకలు కోశాం. జనం బిర్యానీ కోసం నిలబడితే నేను తిత్తులకి దారాలు కడతా ఉన్నా. చుట్టాలు ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటార్రా?” అన్నారామె, సీసా మీంచి కళ్లు తియ్యకుండా.

“ఎవరికో మందు పెడతన్నావనుకుంటారు.”

“పెడుతున్నది మందు కాదు, కారం. ఆ రెండోది చిల్లి పడింది, పారెయ్యి.”

సుభానీ వెళ్లాక అడిగాను, అసలు లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పమని. నా నోట్‌బుక్‌లో ఉన్నది ఇది. సిలికా కణాల మీద విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆమ్లం తగలగానే ఆ ఆవేశం పోతుంది. ఉప్పు, అన్నం, మాంసకృత్తులు తోడై, కణాలు గుంపులు కడతాయి. గుంపు పెద్దది కాబట్టి చిన్న కణాల లెక్కలో కనబడదు. పేగులో ఆమ్లం విరిగిపోతుంది, పిత్తం కలుస్తుంది. ఆవేశం తిరిగి వస్తుంది. గుంపులు విడిపోతాయి.

“తరవాత?”

“పేగు గోడ మీద జిగురు పొర ఉంటుందండీ. వచ్చినవాటిలో చాలావాటిని అది పట్టుకుంటుంది. పట్టుకుని, తనే ఊడిపోయి బయటికి పోతుంది. కింద కొత్త పొర తయారవుతుంది. మీరు నిద్రపోతున్నా ఆ పని ఆగదు.”

“ఎన్ని దాటుకుని రక్తంలోకి పోతాయి?”

“నాకు తెలీదు.”

“దాటితే హాని ఉంటుందా?”

“నాకు తెలీదు. నా సీసాకి గోడ లేదు. పేగు గోడ పెట్టి చూసేవాళ్లు చెప్పాలి.”

ఇరవై ఆరేళ్లలో పోలీసు, రెవెన్యూ, ఇరిగేషన్, మున్సిపాలిటీ అన్నీ చూశాను. నోటి నుంచి పేగు దాకా ఉన్న ఈ శాఖలాంటిది చూడలేదు. వచ్చిన ప్రతిదాన్నీ తీసుకుంటుంది, ఎవరి పని వాళ్లు చేస్తారు, తరవాతి సీటుకు పంపుతారు, పాడైన గోడను రోజూ కట్టుకుంటారు. నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలో తయారైన పౌడరు మీద కూడా పాత పద్ధతే నడుపుతోంది. ఇక ఆ శాఖను సీసాల్లో నిలబెట్టిన మనిషి. ఇన్నాళ్లలో నాతో మాట్లాడిన అధికారుల్లో ‘నాకు తెలీదు’ అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఒక్క ఉదయం ఆమె ఆ మాట ఏడుసార్లు అన్నారు. ప్రతిసారీ ఎందుకు తెలీదో కూడా చెప్పారు.

వార్త గురించి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

23 ఫిబ్రవరి

శివరాత్రి. కోటప్పకొండ డ్యూటీ. ఎత్తైన ప్రభలు కట్టుకుని వచ్చారు, తొక్కిసలాట లేదు, ప్రభలకు తగలకుండా రెండు చోట్ల కరెంటు తీగలు తప్పించారు. మూడు వార్తలు పంపాను. నాకీ పేరు పెట్టింది ఈ కొండకు మొక్కుకునే. కొండ మీద ఏమీ అడగలేదు.

25 ఫిబ్రవరి, బుధవారం

సవరణ వచ్చింది. తొమ్మిదో పేజీ, టెండరు ప్రకటనల కింద. ‘ఈ నెల 8న ప్రచురించిన కారంపొడి వార్తకు సంబంధించి పరిశోధన ఇంకా కొనసాగుతున్నదని పాఠకులు గమనించగలరు.’

ఇంతే. పేగు లేదు. ఇరవై ఎనిమిది లేదు. ఆమె అలా అనలేదన్న మాట లేదు. నేను పంపింది పన్నెండు వాక్యాలు.

26 ఫిబ్రవరి, గురువారం

సెమినార్ కన్వీనర్ నుంచి ఆమెకు ఉత్తరం. కాలేజీకి వెళితే చూపించారు. నా వార్త జిరాక్స్ జత చేశారు. ‘కణాలు మాయమవుతాయని పత్రికాముఖంగా మీరు ప్రకటించారు. మాకు పంపిన సారాంశంలో అవి తిరిగి కనబడుతున్నాయని రాశారు. రెంటిలో ఏది మీ ఫలితం? మార్చి 4 లోగా ఆధారాలతో వివరణ రానిచో మీ సమయం వేరొకరికి ఇవ్వబడును.’

కన్వీనర్ అడిగినదాంట్లో తప్పు లేదు. నేనైనా అదే అడుగుతాను.

“నేను అనలేదని రాయొచ్చండీ. కానీ నేను అనలేదనడానికి నా మాటే ఆధారం. ఎదురుగా అచ్చయిన కాగితం ఉంది” అన్నారు. అని, తరవాత మామూలుగా, “టీ తాగుతారా?” అన్నారు.

పత్రిక తరఫున ఉత్తరం తెస్తానని చెప్పాను.

27 ఫిబ్రవరి, శుక్రవారం

పూర్ణచంద్రరావుకు ఫోన్ చేశాను. డెస్క్ ఇన్‌ఛార్జి. పదకొండేళ్ల పరిచయం.

“ఏంది యలమందా, ఇంకా కారంలోనే ఉన్నావా? ఎన్నికల నోటిఫికేషన్ నెత్తి మీదుంది.”

“ఆవిడకి ఒక లెటర్ కావాలి. ఆ మాట ఆవిడ అనలేదని, పేగు ఫలితం రావాలని చెప్పిందని.”

“లెటరా! ఇవాళ ఈవిడకిస్తే రేపు ఎమ్మార్వో అడుగుతాడు, ఎల్లుండి ఎస్సై అడుగుతాడు. ఎడిటర్ గారు చచ్చినా ఒప్పుకోరు. నువ్వు సొంతంగా ఇచ్చావంటే రూల్ తెలుసుగా.”

“కోసింది మీరే కదయ్యా.”

వెనక టీవీ మోగుతోంది.

“కోశాను. ఆదివారం మొదటి పేజీలో నాలుగు అంగుళాలే చోటుంది. కింద నుంచి కోశాను. ఎప్పుడైనా పైనుంచి కోశానా? నువ్వా ముక్క ఎన్నో పేరాలో పెట్టావో చూసుకుని మాట్లాడు.”

తప్పు డెస్క్‌ది అని ఇక్కడ మళ్లీ రాద్దామని పెన్ను తీశాను.

28 ఫిబ్రవరి, శనివారం

ఉదయం, ఆ వార్త కోసం డెస్క్‌కు నేను పంపిన మెయిల్ తెరిచాను. ఏడు పేరాలు. పేగు ఏడో దాంట్లో ఉంది.

కొత్తగా చేరిన కంట్రిబ్యూటర్లకు, అంటే మండలాల విలేకరులకు, ప్రతి ఏడాదీ నేనే క్లాసు చెబుతాను. అసలు సంగతి మొదటి పేరాలో పెట్టండి, డెస్క్ కింద నుంచి కోస్తుంది, పోయినా ఫరవాలేదు అనుకున్నదే చివర పెట్టండి. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను.

ఏడో తేదీ శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఈ కాపీ రాశాను. ఆ మధ్యాహ్నం వేరే పత్రిక విలేకరి కాలేజీ గేటు దగ్గర కనబడ్డాడు. మొదటి పేరాలో ‘ఇంకా తేలలేదు’ అని రాస్తే అది లోపలి పేజీ వార్త. ‘మాయం’ అని రాస్తే మొదటి పేజీ. ఆమె మాట వదిలెయ్యలేదు, రాశాను. ఎక్కడ పెడితే పోతుందో అక్కడ పెట్టాను. రాసేటప్పుడు ఈ సంగతి తెలీదని ఇన్ని రోజులూ అనుకున్నాను. తెలుసు.

1 మార్చి

తప్పు డెస్క్‌ది అని ఈ డైరీలో రెండుసార్లు రాశాను. కొట్టెయ్యడం లేదు.

2 మార్చి, సోమవారం

ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఇక మే దాకా పేపర్లో కారానికి, పేగులకు చోటు లేదు. పూర్తి వార్త మళ్లీ రాసి పంపాను. మొదటి పేరాలో పేగు, మొదటి వాక్యంలో నా తప్పు. పూర్ణచంద్రరావు ఫోన్ చేసి, “బాగుంది, దాచాను” అన్నాడు. దాచాను అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం కోటేశ్వరి మిల్లు. గోడ మీద మేకులున్నాయి, కాగితం లేదు. నలభై బస్తాలు మూల గదిలో పెట్టి తాళం వేసింది. హాస్టళ్లకు కొత్తగా ఆడిస్తోంది, పౌడరు లేకుండా.

“గడ్డ కడితే వార్డెన్లు తిడతారు. జల్లెడ పట్టుకోమని చెప్పా. ఒక్కో హాస్టల్‌కి ఒక జల్లెడ కొనిచ్చా.”

“అది విషమని ఎవరూ చెప్పలేదు కదా” అన్నాను.

“కాదనీ చెప్పలేదుగా. ఇంట్లో అయితే నేను తిని చూస్తా. హాస్టల్ పిల్లోళ్లు కంచంలో ఏం పడితే అది తింటారు, ఇదేందని అడగరు. ఆ మేడమ్‌ని తేల్చనియ్యండి. ఆవిడ తేల్చిందాకా తాళం తియ్యను.”

“ఏజెంటు ఊరుకున్నాడా?”

“నీ పేపరోడు నిన్నే ముంచాడు పోవయ్యా అన్నా. ఏమనుకోమాకండి.”

ఆవిడ తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి. మైక్రోస్కోపు కావాలంటే శనివారం పదిహేను నిమిషాలు కావాలి. ఆ పదిహేను నిమిషాలకు అడ్డంగా ఉన్నది నా కాగితం.

3 మార్చి, మంగళవారం

ఉత్తరం రాశాను. పత్రిక లెటర్‌హెడ్ కాదు, తెల్ల కాగితం. పేరు, హోదా, సంతకం. నాలుగు గంటలకు కాలేజీకి తీసుకెళ్లాను. జహీరున్నీసా గారు నిలబడే చదివారు. ఎర్ర పెన్ను తీశారు.

“‘ఎంతో నిబద్ధత గల అధ్యాపకురాలు’ అని రాశారు. ఎట్లా కొలిచారండీ?”

“కొలవలేదు.”

“అయితే తీసెయ్యండి. ‘అద్భుతమైన ప్రయోగం’ కూడా. వాళ్లు మెచ్చుకోమని అడగలేదు. ఏది నా ఫలితమని అడిగారు.”

ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా కాపీని ఇంత చక్కగా ఎవరూ దిద్దలేదు. అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. చివరికి మిగిలింది ఇది:

‘ఫిబ్రవరి 6న డాక్టర్ కాని శ్రీమతి జహీరున్నీసా గారు జీర్ణాశయం దశ ఫలితం ఒక్కటే నాకు చూపించి, పేగు దశ ఫలితం వచ్చేవరకు ఏమీ తేల్చలేమని చెప్పారు. ఆ మాట నేను వార్త చివరి పేరాలో పెట్టాను. చివరి పేరా అచ్చులో పోయే అవకాశం ఎక్కువని నాకు తెలుసు. పోయింది. కణాలు మాయమవుతాయన్నది నా వాక్యం, ఆమెది కాదు. ఆ రోజు నోట్‌బుక్ పేజీ నకలు, నేను పంపిన కాపీ జత చేశాను.’

‘డాక్టర్ కాని’ అన్నది ఆమే పెట్టించారు. వార్తలో నేను ఆమెకు పీహెచ్‌డీ కూడా ఇచ్చేశాను. ఆ తప్పు ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కాగితం మడిచే ముందు అడిగారు, “మీ ఆఫీసు ఒప్పుకుందా?”

“లేదు.”

“ఏం చేస్తారు?”

“నాకు తెలీదు.”

నవ్వారు. ఈ నెలన్నరలో ఆమె నవ్వడం ఇదే మొదటిసారి చూడటం. తరవాత సీరియస్‌గా, “ఇది ఇవ్వకుండా నేను ఇంకో దారి వెతుక్కోగలను యలమంద గారూ. ఆలోచించుకోండి” అన్నారు. ఆమె ముందు ఇంకో దారి లేదని ఇద్దరికీ తెలుసు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు.

4 మార్చి

సాయంత్రం 4.15కి జహీరున్నీసా గారు ఉత్తరం కన్వీనర్ ఆఫీసులో ఇచ్చారు. ముద్ర వేసిన రసీదు తీసుకున్నారు.

5 మార్చి, గురువారం

ఉత్తరం నకలు ఎడిటర్ దగ్గరకు చేరింది. ఎవరు పంపారో అడగలేదు. యూనివర్సిటీలో మా పత్రికకు కావలసినవాళ్లు చాలామంది ఉన్నారు. పదకొండు గంటలకు పర్సనెల్ మేనేజర్ ఫోన్. అనుమతి లేకుండా సంస్థ ప్రచురించిన వార్తపై మూడో వ్యక్తికి లిఖితపూర్వకంగా వివరణ ఇచ్చినందుకు విచారణ. అంతవరకు జిల్లా డ్యూటీలు వేరొకరు చూస్తారు.

సాయంత్రం పూర్ణచంద్రరావు చేశాడు. “చివరి పేరా పోతుందని నాకు తెలుసు అని రాతపూర్వకంగా ఇచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా? డెస్క్ కోసింది అని రాసి ఊరుకుంటే ఆ మాట నేను పడేవాణ్ణి కదయ్యా.”

“నువ్వు కోసింది నేను కొయ్యమన్నదే” అన్నాను.

మా ఆవిడకు చెప్పాను. అంతా విని, “ఆవిడకి ఆ అవకాశం వస్తుందా మరి?” అని అడిగింది. ముందు అదే అడిగింది.

6 మార్చి, శుక్రవారం

మధ్యాహ్నం 12.50కి కన్వీనర్ ఆఫీసు నుంచి జహీరున్నీసా గారికి ఫోన్. వివరణ అంగీకరించారు. సమయం ఖాయం. వార్త రాసిన విలేకరి హాజరైతే, సందేహాలుంటే అక్కడే అడుగుతామన్నారు. వస్తానని చెప్పమన్నాను.

రెండోసారి చేసిన పేగు దశ నమూనా సీసాలు ఐసులో పెట్టారు. శనివారం సాయంత్రానికి మైక్రోస్కోపు అనుమతి వస్తే అక్కడే ఇచ్చేస్తారు. రాకపోతే వెనక్కి తెస్తారు. సుభానీ బండి మీద తీసుకొస్తాడు. “కొట్టు మూసి మరీ వస్తన్నా సార్. శనివారం బేరం పోద్ది. పోనీ, మా ఆపా ఒక్కసారైనా మేక గురించి ఇంగ్లీషులో మాట్లాడుద్ది, వినాల” అన్నాడు.

కోటేశ్వరి కూడా వస్తుంది. మిల్లు మధ్యాహ్నం దాకా బంద్. “ఇంగ్లీషులో చెబుతారంట గదా, మీరు నా పక్కన కూర్చుని చెప్పండి. ఏదీ చివరికి దాచమాకండి” అంది.

రేపు శనివారం. రెండో సెషన్, 11.10 నుంచి 11.25, జహీరున్నీసా. ఆ తరవాత ఐదు నిమిషాలు ప్రశ్నలు.

సోమవారం ఉదయం 10కి విజయవాడలో నా విచారణ. గుంటూరులో బస్సు 8.20కి.